ధర పడుతుందన్న కాశీరాం

బాన్సువాడలో ఇళ్ళ ధరలు పెరుగుతాయని చెప్పేవాళ్ళు గల్లీకి పదిమంది దొరుకుతారు. పడతాయని చెప్పేవాడు మాత్రం ఊరు మొత్తానికి ఒక్కడే. ఆయన పేరు కాశీరాం. ఇరవై రెండేళ్ళుగా ఆయన ఆ మాట చెబుతూనే ఉన్నాడు, ఇరవై రెండేళ్ళుగా ధరలు పెరుగుతూనే ఉన్నాయి. ఇద్దరిలో ఎవరూ అలసిపోలేదు.

"ఆగు. పడతది." ఆయన నోట ఈ రెండు మాటలు వినని మనిషి మన ఊళ్ళో ఉంటే వాడు నిన్ననే బస్సు దిగి ఉండాలి. ఇల్లు అన్న పదం చెవిన పడితే చాలు, ఎవరి ఇల్లు, ఎందుకు అన్న విచారణ లేదు. ఒకసారి ఒకాయన గృహప్రవేశం కార్డు పట్టుకుని వచ్చాడు. కాశీరాం కార్డును ముందూ వెనకా చదివి, "తొందరపడ్డవురా. ఆర్నెల్లు ఆగితే సస్తగ దొరుకుతుండె," అన్నాడు. ఆ మాట అన్నవాడు ఆ గృహప్రవేశానికి వెళ్ళాడు, తీపి బచ్చాలు రెండుసార్లు వడ్డించుకున్నాడు, చెయ్యి కడుక్కుని కొత్త గోడకు బొటనవేలు ఆనించి గట్టిగా నొక్కాడు. ఇంటాయన ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు.

"తంబాకు తక్కువైంది," అన్నాడు కాశీరాం.

ఈ తంబాకు సంగతి చెప్పుకోవాలి. ఆయన ముప్పై ఒక్క ఏళ్ళు బీడీ కార్ఖానాలో చెకింగు పని చేశాడు. ఆడవాళ్ళు చుట్టి తెచ్చిన కట్టలను బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి, ఏ బీడీలో పొగాకు తక్కువ పడిందో కళ్ళు మూసుకుని చెప్పేవాడు. కార్ఖానా నుంచి దిగిపోయినా బొటనవేలు దిగలేదు. గోడ నొక్కుతాడు, తలుపు నొక్కుతాడు, సిమెంటు బస్తా నొక్కుతాడు. మాటలు మాత్రం నొక్కకుండానే తేల్చేస్తాడు. ప్లాట్లు అమ్మే గోవర్ధన్ తెల్ల చొక్కా వేసుకుని అరగంట మాట్లాడితే అంతా విని, "ఆకు మంచిగున్నది గోవర్ధన్, లోపల తంబాకే లేదు," అంటాడు.

ధర పడబోతోందని ఆయనకు తెలియజేసే గుర్తులు చాలా ఉన్నాయి. అందులో ముఖ్యమైనది మేక. కొత్త వెంచర్లో హద్దురాయికి ఎవరైనా మేకను కట్టారంటే కాశీరాం సైకిలు దిగి, ఆ మేకను అల్లుణ్ణి చూసినంత ప్రీతిగా చూస్తాడు.

"హద్దురాయికి మేకను కట్టిండ్రంటే ఏంది లెక్క? ప్లాటు కొన్నోడు ఇటు దిక్కు వస్తలేడు. వస్తలేడంటే మర్చిపోయిండు. ఖరీదు పెట్టి కొన్నది మనిషి మర్చిపోతడా? దాని మీద ఆశ సచ్చింది గనుక మర్చిపోయిండు. ఇగ పడతది."

"కాకా, మేకను గడ్డి ఉన్న కాడ కడతరు గంతే," అన్నాడు గోవర్ధన్.

"గడ్డి ఎందుకు మొలిచింది? ఇల్లు కట్టలే గనుక."

కొత్త జిల్లాలు వచ్చిన ఏడు మన దగ్గర ధరలు ఒక్కసారి ఎగిశాయి. ఊరంతా ఆయన మొహం చూడ్డానికి ఏడుకొండలు చాయ బండి దగ్గర గుమిగూడింది. కాశీరాం తొణకలేదు. "పొట్టేలు ఎనుకకు ఎందుకు జరుగుతది? గుద్దెటందుకు. ధర గూడ గంతే. పడెటందుకే మీదికి పోతున్నది," అన్నాడు. లాక్‌డౌన్ వచ్చి రెండు నెలలు ఒక్క రిజిస్ట్రేషనూ కాలేదు. కాశీరాం మాస్కు గడ్డం కిందికి లాగి, పెళ్ళికొడుకు తండ్రిలా గల్లీలో అటూ ఇటూ నడిచాడు. రిజిస్ట్రేషన్ ఆఫీసు తెరిచిన వారానికే రేట్లు మునుపటికన్నా మీదికి పోయాయి. రెండు రోజులు మనిషి బయటికి రాలేదు. మూడోరోజు వచ్చి చాయ అందుకుని, "గది పడుడు కాదు. గది ఉత్త దగ్గు. అసలు జరం ఇంక రావాలె," అన్నాడు.

ఆయన మాట విని మునిగినవాళ్ళలో పెద్దవాడు ఆ చాయ బండి ఏడుకొండలే. నిజామాబాద్ రోడ్డు మీద ఇరవై ఏళ్ళ కింద ఒక చిన్న ప్లాటు బేరానికి వచ్చింది. ఇవాళ అక్కడ మూడంతస్తుల బట్టల దుకాణం ఉంది. ఏడుకొండలు బండి ఆ దుకాణం గోడకే ఆనుకుని ఉంటుంది. కొత్తగా వచ్చిన ప్రతి గిరాకీకీ చాయతో పాటు ఈ కథ ఉచితం.

"సారూ, గీ బిల్డింగు నాది కావాల్సింది. గాయిననే, గా బల్ల మీద కూసున్నాయన. ఆగుమన్నడు."

గిరాకీ తిరిగి చూస్తాడు. కాశీరాం సాసర్లో చాయ ఊదుకుంటూ, "అవును. నేనే ఆగుమన్న," అంటాడు.

"ఇంక ఆగమంటవా అన్నా?"

"ఆగు. గింత ఎత్తుకు పోయింది, పడితే చప్పుడు గట్టిగొస్తది."

ఆ రోజుల్లో ఏడుకొండలు భార్య కాశీరాం ఇంటి ముందు నిలబడి తిట్టిన తిట్లు గల్లీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. కాశీరాం భార్య గంగామణి ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ విన్నది. నాలుగు కట్టలు చుట్టేంత సేపు సాగాయి. కాశీరాం చేతులు కట్టుకుని, "అవును చెల్లె. తప్పు నాదే చెల్లె," అంటూ నిలబడ్డాడు. ఆమె వెళ్ళిపోయాక గంగామణి దారం కొరికి, "మనం రెండో ఇల్లు కొనలే. గాల్లను మొదటిది కొననియ్యలే. తిట్లు మాత్రం నీ పేరు మీద రిజిస్ట్రేషన్ అయినయ్," అన్నది.

ఇంతటి మనిషికి తన గొప్పతనం మీద ఏమైనా అనుమానం ఉంటుందేమో అనుకుంటే పొరపాటు. ఆరేళ్ళ కింద సుమన్, హేమలత దంపతులు రెండు గదులు కిరాయికి అడగడానికి వస్తే, కిరాయి ఎంతో చెప్పేముందు తన చరిత్ర చెప్పాడు.

"నస్రుల్లాబాద్ బడిల ఏడో తరగతి. లెక్కలల్ల నేనే ఫస్టు. నాకూ రెండో నంబరోనికీ నడుమ పదకొండు మార్కుల తేడా, గప్పటి సారు బతికుంటే చెప్తుండె. కార్ఖానాల ముప్పై ఒక్క ఏండ్లు, ఒక్క కట్ట తప్పు పోలే. రుద్రూర్ల వడ్ల మీద పరిశోధన చేసే పెద్ద సార్లు జీపు ఆపి మరీ నన్ను అడిగిండ్రు."

లోపలి నుంచి గంగామణి గొంతు వినిపించింది. "బోధన్ తొవ్వ ఎటని అడిగిండ్రు."

"చెప్పిన గద. తప్పిపోయిండ్రా?"

సుమన్‌ది నస్రుల్లాబాద్ దగ్గరి తండా. టైల్సు పరిచే పని. బాన్సువాడలో కొత్తగా లేచిన ఇళ్ళలో సగం అతను మోకాళ్ళ మీద నడిచి చూసినవే. హేమలత బట్టలు కుడుతుంది. ఆమె జాకెట్ కుడితే రెండోసారి సరిచెయ్యాల్సిన పని లేదని గల్లీలో పేరు. ఈ ఆరేళ్ళలో కాశీరాం వాళ్ళ కిరాయి ఒక్కసారి పెంచలేదు. గంగామణి అడిగితే, "ధరలు పడబోతున్నయని నేనే చెప్తి. కిరాయి పెంచితే నా మాటకు నేనే ఎదురు పోయినట్టు గాదా?" అన్నాడు.

హేమలతకు ఒకటే ఆశ, సొంత ఇల్లు. ప్రతి ఏడూ ఉగాది ముందు మొగుణ్ణి అడిగేది. ప్రతి ఏడూ సుమన్ నేల చూస్తూ, "కాకా ఆగమన్నడు," అనేవాడు. వాళ్ళిద్దరూ ఇంట్లో మాట్లాడుకునేది లంబాడీలో. కానీ ఆ ఒక్క మాట వినగానే హేమలత తెలుగులోకి దిగేది, గోడవతలి కాశీరాముడికి ఒక్క అక్షరం కూడా వృథా పోకూడదని.

"ఆగుడు ఆగుడు అనుకుంట ముసలోళ్ళం అయితం. కాకాకేంది, సొంతిల్లున్నది."

గోడవతల దగ్గు వినిపించేది, అంతే.

ఈ వేసవిలో మూడిళ్ళ అవతల రాధాకుమారి ఇల్లు అమ్మకానికి వచ్చింది. ఆమె సర్కారు దవాఖానలో నర్సుగా చేసి దిగిపోయింది. గల్లీ అంతా సిస్టరమ్మ అని పిలుస్తారు. నిజామాబాద్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోదామనుకుంది. రెండు గదులు, వంటిల్లు, ముందు గల్లీ వైపు తూర్పు వరండా. హేమలత జాకెట్ ఇవ్వడానికి వెళ్ళినప్పుడల్లా ఆ వరండాలో ఒక నిమిషం ఎక్కువ నిలబడేది. మిషను ఇక్కడ, కత్తిరించే బల్ల అక్కడ, పొద్దటి వెలుతురు సూదిలోకి నేరుగా. ఆ వరండాలో ఆమె మనసులో ఇప్పటికే వంద జాకెట్లు కుట్టింది.

గోవర్ధన్ ఆ ఇంటికి ఇరవై నాలుగు లక్షలని ఊరంతా చాటాడు. సిస్టరమ్మ హేమలతను దగ్గర కూర్చోబెట్టుకుని అడిగింది. "మీకెంత వరకైతది హేమా?"

"మా జమ, బ్యాంకోళ్ళు ఇస్తమన్నది, అన్ని కలిపితే ఇరవై ఒకటి సిస్టరమ్మా. గంతకు మించి మా తరం కాదు."

సిస్టరమ్మ నిట్టూర్చింది. "నాకు ఇయ్యాలనే ఉన్నది. కని నేను మూడు లక్షలు తక్కువకిస్తే గల్లీల నా మొఖం చూస్తరా? ఒక్కిల్లు సస్తగ పోతే గల్లీ రేటు మొత్తం సస్తగ అయితది. చివరింటోళ్ళు గూడ అమ్మకానికి పెట్టిండ్రు, గాల్ల నోట్ల మన్ను కొట్టినట్టయితది."

అంతలో గోవర్ధన్ ఇంకో కబురు తెచ్చాడు. బోధన్ నుంచి ఎరువుల వ్యాపారి ఒకాయన ఇరవై నాలుగుకు సిద్ధంగా ఉన్నాడు. ఇల్లు పడగొట్టి గోదాము కడతాడట. వారపు అంగడి రోజు వచ్చి బయానా ఇస్తాడట. అంగడికి నాలుగు రోజులుంది. ఆ గల్లీలో ఇలాంటి ఇల్లు మళ్ళీ అమ్మకానికి రాదు. వచ్చినా ఇరవై ఒకటి అనే అంకె దగ్గర ఆగదు.

"ఈ ముచ్చట కాకాకు తెల్వొద్దు," అన్నది హేమలత మొగుడితో. "తెలిస్తే మళ్ళ ఆగుమంటడు. నువ్వు మళ్ళ ఆగుతవు. గా వరండాల ఎరువు బస్తాలు పడతయ్."

సుమన్ ఒట్టు వేశాడు. సుమన్ మంచివాడు. అబద్ధం మాత్రం అతని చేతిలో వంకర టైలు లాంటిది, ఎలా పెట్టినా ఓ మూల లేస్తుంది. మరునాడు పొద్దున బయటికి వస్తే కాశీరాం పళ్ళు తోముకుంటూ ఎదురయ్యాడు.

"చాయ తాగినవా సుమన్?"

"ఇల్లు గిల్లు ఏం లేదు కాకా," అన్నాడు సుమన్.

కాశీరాం వేపపుల్ల తీసి అతణ్ణి ఒక్క క్షణం చూశాడు. ఆ చూపుకు బొటనవేలు ఉన్నట్టే ఉంటుంది. సైకిలు తీసుకుని సిస్టరమ్మ ఇంటి ముందు నుంచి రెండుసార్లు అటూ ఇటూ పోయాడు. మూడోసారి దిగి వరండా గోడ నొక్కాడు. పది గంటలకు హేమలత గుమ్మంలో నిలబడ్డాడు.

"బిడ్డా, సిస్టరమ్మ ఇల్లు చూసినవట."

హేమలత కత్తెర కింద పెట్టింది. ఆరేళ్ళుగా గోడకు చెప్పిందంతా ఇప్పుడు మనిషికి చెప్పింది.

"చూసిన కాకా. కొనాలనుకుంటున్న. నువ్వు ఆగుమంటవని తెలుసు. ఆరేండ్ల సంది ఆగుమంటనే ఉన్నవు. మేము పోతే నీ కిరాయి పోతదనే గద?"

అవతల అరుగు మీద గంగామణి వేళ్ళు ఆగిపోయాయి. అంత మాట కాశీరాముడిని ఎవరూ అనలేదు. ఏడుకొండలు భార్య నాలుగు కట్టల సేపు తిట్టినా ఆ మాట మాత్రం రాలేదు. ఆయన అరుగు అంచున కూర్చున్నాడు.

"ఎంత జమయింది బిడ్డా?"

"ఇరవై ఒకటి. బ్యాంకుది కలిపి."

"ఖరారేనా? గాలి లెక్క కాదు గద?"

"ఖరారే. కాగితం గూడ వచ్చింది."

కాశీరాం తన బొటనవేలిని చూసుకున్నాడు. "అయితే ఇగ ఆగకు," అన్నాడు.

గంగామణి చాట పక్కన పెట్టి లేచి వచ్చింది. "ఏమన్నవ్?"

"ఆగొద్దన్న."

ఆమె ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "జరమైతే లేదు," అన్నది హేమలతతో.

హేమలతకు నమ్మకం కుదరలేదు. "మరి ధర పడతది గద కాకా?"

"పడితే పడనియ్, నీకెందుకు? గోడ నొక్కి చూసిన. తంబాకు నిండుగున్నది. మూడు లక్షల సంగతి నాకు విడిచిపెట్టు. రేపు పొద్దుగాల నువ్వు, సుమన్ సిస్టరమ్మింటికి రాండ్రి. నోరు తెరవద్దు."

మరునాడు కాశీరాం ఉతికిన ధోతి కట్టి, భుజాన ఎర్రంచు తువ్వాల వేసుకుని బయలుదేరాడు. బేరం కుదిరితే చాయ తాగించడం రివాజు గనుక ఏడుకొండల్ని కూడా రమ్మన్నాడు. కుదరకముందే చాయ చెప్పిన మనిషిని గోవర్ధన్ వింతగా చూశాడు.

"కాకా, మాట్లాడేది నాతోని మాట్లాడు. ఇరవై నాలుగు, ఒక్క రూపాయి దిగది."

"నీ నోటితోని ఎవడు మాట్లాడుతడు గోవర్ధన్, మైకుతోని మాట్లాడినట్టే. మా నాయిన అంగట్ల ఎడ్లు కొన్న తీరుగ మాట్లాడుత." అంటూ కాశీరాం భుజం మీది తువ్వాల తీసి చేతి మీద పరిచాడు. "సిస్టరమ్మా, చెయ్యి తే. నీకు తెలుసు గద?"

రాధాకుమారి మొహంలో నవ్వు వచ్చింది. "మా బాపు నన్ను పక్కన కూసోబెట్టుకునే ఎడ్లు అమ్మిండన్నా. ఎందుకు తెల్వదు?"

పశువుల అంగడిలో పాతకాలం బేరం అంతే. అమ్మేవాడూ కొనేవాడూ తువ్వాల కింద చేతులు కలుపుతారు. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత. చుట్టూ వందమంది ఉన్నా ధర ఆ ఇద్దరికే తెలుస్తుంది.

"ఇరవై మీద మాట్లాడుదాం," అన్నాడు కాశీరాం. రెండు చేతులూ తువ్వాల కిందికి పోయాయి.

గోవర్ధన్ మెడ సాచాడు. తువ్వాల కింద ఏదో కదిలింది. కుందేలు పిల్లలు రెండు పడుకున్నట్టుంది తప్ప ఏమీ కనిపించలేదు. ఏడుకొండలు చాయ కెటిల్ పట్టుకుని వరండాలోకి వచ్చి హేమలత పక్కన గోడకు ఆనుకున్నాడు. లోపల సుమన్ నేల మీది టైల్సు లెక్కపెడుతున్నాడు.

"చెల్లె," అన్నాడు ఏడుకొండలు మెల్లగా, "కాశీరామన్న నిన్ను కొనుమన్నడట?"

"అవునన్నా. ఎందుకో అర్థమైతలేదు."

"గందులేమున్నది? నీ దగ్గర పైసలున్నయన్నట్టు."

హేమలత అతని వైపు తిరిగింది.

"నన్ను ఆగుమన్నడు గద, ఎందుకనుకున్నవ్? గప్పుడు నా దగ్గర బయానకు గూడ గతి లేకుండె. ఇంట్ల మాత్రం కొంటున్న, కొంటున్న అని గొప్పలు చెప్పిన. రేపు బయానా అనంగ పొద్దుగాల పోయి అన్న అరుగు మీద కూసున్న. ఏం అడగలే. నా మొఖం చూసిండు, గీయన చూసుడు నీకు తెలుసు గద. ‘ఆగు ఏడుకొండలూ, ధర పడతది, ఇంట్ల గూడ నేనే చెప్పిన్నని చెప్పు’ అన్నడు. పోయి గదే చెప్పిన. మా ఆమె ఆయనను తిట్టింది గని, నన్ను ఒక్క మాట అన్లే."

"మరి నువ్వు రోజు బండి కాడ..."

"బిల్డింగు నాది కావాల్సిందంటున్న. ఇరవై ఏండ్ల సంది అంటున్న. లేనోడని ఎవ్వడన్న అన్నడా నన్ను? ఆగినోడన్నరు. గా రెండింటికి శాన తేడా ఉన్నది చెల్లె." కెటిల్ చెయ్యి మార్చుకున్నాడు. "ఊర్ల నా అసుమంటోళ్ళు ఇంకో ఇరవై మందన్న ఉంటరు. అందరం గాయిన పేరే చెప్తం. పైసలున్నోడు పోయి అడిగితే మాత్రం ఏమంటడో తెలుసా? ‘నీ ఇష్టం’ అంటడు."

హేమలత లోపలికి చూసింది. సుమన్ ఇంకా టైల్సు చూస్తూనే ఉన్నాడు. ‘కాకా ఆగమన్నడు’ అన్నప్పుడల్లా అతను అలా నేలనే చూసేవాడు. మొదటి ఏడు మిషనుకే పైసలు సరిపోలేదు. రెండో ఏడు తండాలో అత్త దేవీబాయి కాలు విరిగి దవాఖాన పాలయింది. ఆ తర్వాత లాక్‌డౌన్, టైల్సు పని బందు. ఆరేళ్ళలో కొనగలిగిన ఏడు ఒక్కటీ లేదు. ఆ సంగతి ఆమెకు తెలియనిది కాదు, కానీ ఎవరినో ఒకరిని తిట్టుకోవడానికి గోడవతల ఒక మనిషి ఉన్నాడు గనుక మొగుణ్ణి తిట్టలేదు.

లోపల సిస్టరమ్మ చిన్నగా నవ్వింది. తువ్వాల కింది కదలిక ఆగింది. కాశీరాం మొహం చూస్తే ఆయనకే ఏదో అర్థం కానట్టుంది. నోరు తెరిచి, ఆమె కళ్ళల్లోకి చూసి, మళ్ళీ మూశాడు.

"అయింది," అన్నాడు.

"ఎంతకు కాకా?" గోవర్ధన్ ముందుకు వంగాడు.

"అయిందంటున్న గద."

"మరి నా కమీషన్?"

"నువ్వు ఊరంత చాటిన ఇరవై నాలుగు మీదనే తీసుకో. తక్కువైందా?"

"నా వంతు నేనిస్త," అన్నది రాధాకుమారి. సుమన్ ఆరోజు మొదటిసారి నోరు తెరిచి, తన వంతుకు గోవర్ధన్ ఇంట్లో బాత్రూం టైల్సు కూలి లేకుండా వేస్తానన్నాడు. గోవర్ధన్‌కు ఇక ధరతో పని లేకపోయింది. చాయ తాగి, బండెక్కి, ఇల్లు ఇరవై నాలుగుకు తెగిందని బస్టాండు దాకా చెప్పుకుంటూ పోయాడు. బోధన్ గోదాం ఆయనకు ఫోన్లోనే చెప్పేశాడు.

ఇంటికి వచ్చాక కాశీరాం తలుపు దగ్గరికి వేసి, సుమన్, హేమలత ముందు తన చెయ్యి తెరిచి చూపించాడు.

"ఇరవై మీద నాలుగు వేళ్ళు. నేను ఒక్కటి మడిచిన, ఇంకొకటి మడువాల్నంటే ఎంత సేపు బతిలాడాల్నో అని ఫికర్ పడుతున్న. సిస్టరమ్మ తనంతట తనే రెండు మడిచింది." ఒక్క వేలు మిగిలిన చేతిని ఆయనే కొత్తగా చూసుకున్నాడు. "ఇరవై ఒకటి బిడ్డా. గోదాం పెట్టెటోనికి ఇరవై నాలుగట, మిషను పెట్టెటామెకు ఇరవై ఒకటట. కని ఒక్క షరతు పెట్టింది. ధర ఈ గల్లీల ఎవ్వలికి తెల్వొద్దు. నేను మాటిచ్చిన."

సుమన్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "కాకా, నిన్న నేను కిరాయి మాట అన్న," అన్నది హేమలత.

"అన్నవ్. తిట్లల్ల గది కొత్తది, ఇంతవరకు నా దగ్గర లేకుండె," అన్నాడు కాశీరాం.

అప్పుడు తట్టింది హేమలతకు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి బాన్సువాడలో ఒక ఇంటి ధర పడింది. ఆ పడడాన్ని ఈయన తన వేళ్ళతో తాకి చూశాడు. బండి దగ్గరికి పోయి ఒక్క మాట చెబితే ఊరంతా నోరు మూసుకుంటుంది. చెబితే సాయంత్రానికల్లా గల్లీలో మిగతా ఇళ్ళ ధరలు కూడా పడతాయి. ఆయన జోస్యం గల్లీ పొడుగునా నిజమవుతుంది. బోధన్ తొవ్వ చెప్పిన సంగతే ముప్పై ఏళ్ళు చెప్పుకున్న మనిషి, ఇది మాత్రం ఎవరికీ చెప్పుకోవడానికి లేదు.

అంగడి రోజు బండి దగ్గర జనం పొట్టేలు పందెం చూడ్డానికి వచ్చినట్టు వచ్చారు. గోవర్ధన్ అందరూ వినేట్టు అడిగాడు. "ఏం కాకా, పడతది పడతదంటివి. సిస్టరమ్మ ఇల్లు ఇరవై నాలుగుకు పాయె. ఒక్క రూపాయన్న పడిందా?"

కాశీరాం నోరు తెరిచాడు. పదకొండు మార్కుల తేడాతో ఫస్టు వచ్చిన పిల్లవాడు ఆ నోట్లో నుంచి తొంగి చూశాడు. మూడు వేళ్ళు వాటంతటవే మడుచుకోబోయాయి. ఆయన ఆ చేత్తో గ్లాసు అందుకుని సాసర్లో పోయకుండానే వేడి చాయ గుటుక్కున మింగాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"పడలే," అన్నాడు.

ఆ మాట ఆయన నోట మొదటిసారి విన్న జనం ఒక నిమిషం నవ్వడం కూడా మరిచిపోయారు. ఏడుకొండలు మాత్రం ఆయన ముందు చల్లని నీళ్ళ గ్లాసు పెట్టాడు.

రెండు నెలలు గడిచాయి. హేమలత మిషను తూర్పు వరండాలోకి చేరింది. ఆమె కుట్టిన మొదటి గుడ్డ జాకెట్ కాదు, ఎర్రంచు తువ్వాల ఒకటి, నాలుగు వైపులా మడిచి గట్టి కుట్టు వేసినది. కాశీరాం దాన్ని బొటనవేలితో నొక్కి చూసుకుని భుజాన వేసుకున్నాడు. ఖాళీ అయిన రెండు గదులకు డోంగ్లి వైపు నుంచి ఒక కొత్త జంట వచ్చింది. యోగేష్ ఫోన్లు బాగుచేసే దుకాణంలో పనిచేస్తాడు. భార్య పేరు ప్రవళిక. కిరాయి పాతదే. చరిత్ర కూడా పాతదే.

"నస్రుల్లాబాద్ బడిల ఏడో తరగతి..." అని మొదలై జీపు దాకా రాగానే లోపలి నుంచి గంగామణి, "బోధన్ తొవ్వ," అని అందించింది.

ప్రవళిక నవ్వు ఆపుకుని గల్లీ అటూ ఇటూ చూసింది. "మంచిగున్నది గల్లీ. ఇక్కడ్నే సొంతంగ ఒక ఇల్లు చూస్కుందామా? మా అమ్మకు చెప్తివి గద, ఏడాదిల కొంటనని."

యోగేష్ మొహం వాడిపోయింది. సామాను సంచి ముడి విప్పడానికి వంగాడు. ఎంత లాగినా అది రావడం లేదు.

కాశీరాం ఆ వంగిన వీపును చూశాడు. ఆ చూసిన తీరుకు, మూడిళ్ళ అవతల మిషను తొక్కుతున్న హేమలత కాలు ఆగిపోయింది.

"కొనకు," అన్నాడు కాశీరాం గల్లీ అంతా వినపడేట్టు. "ఇప్పుడు కొంటే మునుగుతవు. ఆగు. పడతది. మీ అత్తకు గూడ నేనే చెప్పిన్నని చెప్పు."

ప్రవళికకు అనుమానం వచ్చింది. అందరికన్నా దగ్గరగా కనిపించిన ఆడమనిషి వైపు తిరిగింది. "నిజమేనా అక్కా? ఇక్కడ ఎన్నడన్న ధర పడిందా?"

హేమలత దారం కొరికింది. కాశీరాం మబ్బుల్లోకి చూస్తున్నాడు, వానను తనే రప్పిస్తున్నట్టు.

"కాకా ఆగుమంటే ఆగుండ్రి చెల్లె," అన్నది. "మేము గూడ ఆరేండ్లు ఆగినం."

యోగేష్ చేతిలో సంచి ముడి అప్పుడు ఊడింది.